పసిగుడ్డు తూకం తగ్గిందా? గాభరా పడటానికి పన్నెండు చిట్కాలు

ముంచింగిపుట్టు మండలంలో ఏ ఇంట పురుడొచ్చినా మూడో రోజుకల్లా ఒక గండం తయారుగా ఉంటుంది. బిడ్డ బరువు తగ్గుతుంది. ఆస్పత్రిలో 2 కిలోల 600 గ్రాములని కార్డు మీద రాసిచ్చిన బిడ్డను ఇంటికి తెచ్చాక ఆశా కార్యకర్త కాటా కట్టి చూస్తే, ముల్లు 2 కిలోల 420 దగ్గర ఆగుతుంది. ఆ క్షణంలో ఏం చెయ్యాలో తెలియక ఇంటిల్లిపాదీ బిక్కమొహాలేసుకుని నిలబడటం చూడలేకపోతున్నాను. గాభరా పడటానికీ ఒక పద్ధతుంది.

వైద్యులను అడిగితే చప్పటి సమాధానం వస్తుంది. నెలలు నిండి పుట్టిన పిల్లల్లో దాదాపు అందరూ మొదటి మూడు నాలుగు రోజుల్లో కొంత తగ్గుతారట. నూటికి అయిదు నుంచి ఏడు పాళ్లు మామూలేనట. తల్లిపాలు తాగే బిడ్డల్లో పది పాళ్ల దాకా కూడా కనిపిస్తుందట. నాలుగైదు రోజుల తర్వాత మళ్లీ పెరగడం మొదలై, పది నుంచి పద్నాలుగు రోజుల్లో పుట్టినప్పటి బరువుకు చేరుకుంటారట. ఇంతే. ఇందులో ఏడుపు లేదు, శోకాలు లేవు, తప్పెవరిదో తేల్చే పంచాయితీ లేదు. పురుటింటికి వచ్చి ఇంత చప్పటి మాట చెప్పి వెళ్తే మర్యాదేం దక్కుతుంది? అందుకే అత్తలకు, పెద్దమ్మలకు, చోడవరం నుంచి చూడ్డానికొచ్చిన చుట్టాలకు, హైదరాబాదు నుంచి వీడియో కాల్‌లో తొంగిచూసే మేనమామలకు పనికొచ్చేలా ఈ చిట్కాలు రాస్తున్నాను.

1. పుట్టిననాటి అంకెనే పట్టుకు వేలాడండి

పుట్టగానే తూచిన అంకె బిడ్డ స్వార్జితమని నమ్మండి. అందులో గ్రాము తగ్గినా ఎవరో కాజేశారన్నమాటే. నెలలు నిండిన బిడ్డ ఒంట్లో ముప్పాతిక వంతు నీరే ఉంటుందనీ, ఉమ్మనీటిలో పెరిగిన బిడ్డ బయటికొచ్చాక అక్కర్లేని నీటిని మూత్రంగా, చర్మం నుంచి, ఊపిరి నుంచి వదిలేస్తుందనీ, కడుపులో ఉండగానే పేగుల్లో పేరుకున్న నల్లటి మలం కూడా ఈ రోజుల్లోనే పోతుందనీ ఎవరైనా చెప్పబోతే మధ్యలోనే అడ్డుపడండి. తల్లికి పాలు ధారగా పడేది మూడు నాలుగు రోజులకు. అంతవరకూ బిడ్డ లోపలికి వెళ్లేది కొంచెం, బయటికి పోయేది ఎక్కువ. లెక్క అంతే.

ఈ కొండల్లో కాఫీ తోటలున్న ఇళ్లకు ఇది ఇట్టే అర్థమయ్యే విషయం. అయిదారు కిలోల కాఫీ పండు తొక్క పోయి, ఎండి, కిలో గింజగా మిగిలితే ఎవరూ కళ్లంలో కూర్చుని రాగాలు తియ్యరు. ఆ తెలివిని తోటలోనే వదిలేసి పురుటింట్లో అడుగు పెట్టండి.

సిజేరియన్ అయి తల్లికి సెలైన్లు ఎక్కి ఉంటే మీ పని ఇంకా సులువు. కాన్పుకు ముందు ఎక్కించిన ద్రవంలో కొంత బిడ్డకూ చేరి, పుట్టినప్పటి తూకాన్ని కాస్త పెంచి చూపిస్తుంది. ఆ నీరు ఒకటి రెండు రోజుల్లో ఉచ్చగా పోతుంది. కాబట్టి అలాంటి బిడ్డల్లో తగ్గుదల కొంచెం ఎక్కువగా కనబడటం వింతేమీ కాదు. మీరు మాత్రం ఆపరేషనే బిడ్డను పీల్చేసిందని తేల్చేయండి.

2. ఏ కాటా దొరికితే ఆ కాటా

ఆస్పత్రిలో తూచింది అంకెలు మెరిసే కాటా. ఇంటికి ఆశా తెచ్చేది జోలె తగిలించి వేలాడదీసే ముల్లు కాటా. రెండింటికీ కొంత తేడా ఉండొచ్చనీ, ఒకే బిడ్డను ఒకే కాటా మీద తూచి పోల్చుకుంటేనే తగ్గిందో పెరిగిందో తెలుస్తుందనీ ఆమె అంటుంది. వినకండి.

ఆమె చేసే తతంగం ఒకసారి చూడండి. ముందు ఖాళీ జోలెను కొక్కేనికి తగిలించి, ముల్లు సున్నా మీదికి వచ్చేదాకా మర తిప్పుతుంది. తలుపు దగ్గరికేసి, గాలి రాకుండా చూసుకుని, బిడ్డ ఒంటిమీది గుడ్డలన్నీ తీసి జోలెలో పడుకోబెడుతుంది. కింద దుప్పటి పరిచిన చోట జానెడెత్తు పైకి లేపుతుంది. బిడ్డ కాళ్లు తన్నుతుంటే ముల్లు అటూ ఇటూ కొట్టుకుంటుంది. ఆమె కాటాను కంటి ఎత్తుకు తెచ్చి, ఊపు ఆగేదాకా కదలకుండా చూసి, అప్పుడు అంకె చదువుతుంది. వెంటనే బిడ్డను దించి గుడ్డలో చుట్టి తల్లి గుండెకు ఆనిస్తుంది.

ఇంత శ్రమ మీకెందుకు? ఒకరోజు దుప్పటి, మంకీ క్యాప్, మేజోళ్లతో సహా తూచండి. మర్నాడు ఒట్టి ఒంటితో తూచండి. వచ్చిన తేడా చూసి లబోదిబోమనండి. సంతలో మిరియాలు తూచే కాటా ఖాళీగా కనబడితే అక్కడా ఒకసారి తూయించండి. రోజుకు నాలుగుసార్లు తూచడం మరీ మంచిది. పాలు తాగకముందు ఒకటి, తాగాక ఒకటి, ఉచ్చ పోశాక ఒకటి వస్తాయి. ఏ పూట ఏ అంకె కావాలంటే అది ఏరుకోవచ్చు.

3. శాతాల జోలికి పోకండి

2600 నుంచి 2420కి వస్తే తగ్గింది 180 గ్రాములు. 180ని 100తో గుణించి 2600తో భాగిస్తే 6.9 వస్తుంది. అంటే నూటికి ఏడు పాళ్లు కూడా కాలేదు. ఈ లెక్క చేస్తే గాభరా అక్కడే చల్లారిపోతుంది కాబట్టి చెయ్యకండి. 'పావుకిలో పోయింది' అనండి. వినడానికీ బాగుంటుంది, ఫోన్‌లో చెప్పడానికీ తేలిక.

శాతం వద్దనడానికి ఇంకో కారణమూ ఉంది. 3 కిలోల 400తో పుట్టిన బిడ్డ 240 గ్రాములు తగ్గితే అది ఏడు శాతం. ఆ బిడ్డ పాలు బాగా తాగుతుంటే ఇంట్లో ఉంచుకుని చూసుకోవచ్చు. 1 కిలో 900తో పుట్టిన బిడ్డ అదే 240 గ్రాములు తగ్గితే పన్నెండున్నర శాతం దాటింది. ఆ బిడ్డను డాక్టరు చూసి తీరాలి. గ్రాములతోనే సరిపెట్టుకుంటే రెండిళ్లలోనూ తప్పు పని చెయ్యొచ్చు. మొదటి ఇంట్లో అనవసరంగా డబ్బాపాలు, రెండో ఇంట్లో అనవసరంగా ధైర్యం.

2 కిలోల 500 లోపు పుడితే తక్కువ బరువు బిడ్డ అంటారని మీరు ఎక్కడో విని ఉంటారు. ఆ మాట పుట్టినప్పటి బరువుకే వర్తిస్తుంది. 2600తో పుట్టి మూడో రోజు 2420కి వచ్చిన బిడ్డకు ఆ పేరు పెట్టరు. మీరు పెట్టండి. తల్లి మొహం వాడిపోతే మీ చిట్కా పనిచేసినట్టే.

4. గుడ్డ విప్పి చూడకండి

పాలు సరిపోతున్నాయా లేదా అనే సాక్ష్యం కాటా దగ్గర సగమే ఉంటుంది. మిగతా సగం తడిసిన గుడ్డల్లో ఉంటుంది. అందుకే ఎవరి కంటా పడకముందే వాటిని ఉతికేయించండి. లేకపోతే ఇలాంటి సంభాషణలు వినాల్సి వస్తుంది.

"ఓలమ్మా, గుంటడు ఇలా ఎండిపోనాడేటే?" అని చోడవరం పెద్దమ్మ బుగ్గలు నొక్కుకుంటుంది.

"ఎండిపోలేదు పెద్దమ్మా. నిన్నటి నుంచి ఎన్నిసార్లు తడిపాడో చెప్పు ముందు" అంటుంది ఆశా.

ఆమె లెక్క ఇదీ: మొదటి రోజు ఒకసారి, రెండో రోజు రెండుసార్లు, మూడో రోజు మూడుసార్లు తడపాలి. అయిదో రోజు దాటాక రోజుకు ఆరుసార్లకు తగ్గకూడదు. మలం మొదట నల్లగా జిగటగా ఉండి, మూడు నాలుగు రోజులకు ఆకుపచ్చకు తిరిగి, అయిదో రోజుకు పసుపుపచ్చగా పలచబడాలి. మొదటి రెండు మూడు రోజుల్లో గుడ్డ మీద ఇటుకపొడి రంగు మరక కనబడితే అది రక్తం కాదు, చిక్కటి మూత్రంలోంచి దిగిన యూరేట్ లవణం. నాలుగో రోజు తర్వాత కూడా అదే మరక పడుతుంటే మాత్రం పాలు చాలడం లేదన్న సూచన.

మీరు తిరగేసి పాటించండి. రెండో రోజు మరక చూసి రక్తమని కేకలు పెట్టండి. అయిదో రోజు అదే మరక కనబడితే, మొన్న కూడా ఇలాగే ఉంది కదా అని ఊరుకోండి.

5. ముర్రుపాలు పారబోయించండి

పసుపుపచ్చగా, చిక్కగా, చుక్కలు చుక్కలుగా వచ్చే ముర్రుపాలను చూసి 'పాలు పడలేదు' అని ప్రకటించండి. మొదటి రోజు బిడ్డకు ఒక్కో విడతకు కావాల్సింది 2 నుంచి 10 మిల్లీలీటర్లే. అంటే అటూ ఇటూగా ఒక చెంచా. రెండో రోజుకు 5 నుంచి 15, మూడో రోజుకు 15 నుంచి 30. బిడ్డ పొట్ట ఎంతో తల్లి పాలూ అంతే. కానీ గ్లాసుల్లో కొలిచే అలవాటున్న మనకు చెంచాలు ఆనవు కదా.

ముర్రుపాలు పారబోశాక ఖాళీ అయిన ఆ చోట ఏదో ఒకటి పొయ్యాలి. చక్కెర నీళ్లు, ఆముదం చుక్క, మేకపాలు, మైదానం నుంచి తెప్పించిన గాడిదపాలు, ఏదైనా ఫర్వాలేదు. తేనె అయితే మరీ శ్రేష్ఠం, మన్యం తేనెకు పేరుంది కూడా. తేనె ఎంత అసలుదైనా ఏడాది నిండని బిడ్డకు నాకించకూడదనీ, అందులో బొటులిజం తెచ్చే సూక్ష్మజీవి బీజాలు ఉండొచ్చనీ డాక్టర్లు అంటారు. పుట్టిన గంటలోపే రొమ్ము పట్టించాలనీ, ముర్రుపాలలో రోగాలను అడ్డుకునే శక్తి ఉంటుందనీ, ఆరు నెలలు నిండేదాకా చుక్క నీరు కూడా అక్కర్లేదనీ ప్రతి అంగన్‌వాడీ గోడ మీదా రాసే ఉంటుంది. గోడ మీద రాతలు చదవడానికా మనం పెద్దవాళ్లమైంది?

6. డబ్బా తెప్పించండి

చక్కెర నీళ్లకు లొంగని కేసుల్లో పాలపొడి డబ్బా. మన దేశంలో పసిపిల్లల పాలపొడికి ప్రకటనలు ఇవ్వకూడదని 1992లో చట్టం వచ్చింది, 2003లో దాన్ని ఇంకా బిగించారు. చట్టం టీవీని ఆపింది గానీ మేనమామను ఆపలేదు. అతను విశాఖ నుంచి వస్తూ సంచిలో రెండు డబ్బాలు, రెండు సీసాలు తెస్తాడు.

ఇది ఎలా పనిచేస్తుందో చెబుతాను. బిడ్డ చప్పరించిన కొద్దీ తల్లి ఒంట్లో పాలు ఊరతాయి. సీసా నోట్లో పెడితే బిడ్డ రొమ్ము దగ్గర గడిపే వేళ తగ్గుతుంది. తగ్గిన మేరకు పాలు తగ్గుతాయి. అప్పుడు 'నీకు పాలు లేవని నే ముందే చెప్పలేదూ' అనే అవకాశం వస్తుంది. జోస్యం చెప్పి, దాన్ని మీరే నిజం చేసుకునే సౌకర్యం మరే విద్యలోనూ లేదు. డబ్బా అయిపోయే వేళకు తల్లిపాలూ అయిపోతాయి. ఇంకో డబ్బా కొనడానికి డబ్బు లేకపోతే రెండు చెంచాల పొడి వెయ్యాల్సిన చోట ఒకటి వెయ్యండి. గెడ్డ నీళ్లు కాచకుండా కలిపితే కట్టెలు కూడా మిగులుతాయి. ఆ తర్వాత పట్టుకునే విరేచనాలను పళ్లొచ్చే లక్షణమనండి, పదిహేను రోజుల బిడ్డకైనా సరే.

నిజంగానే పాలు చాలని బిడ్డలూ ఉంటారు. అలాంటప్పుడు ముందు తల్లి పాలే పిండి, శుభ్రమైన ఉగ్గుగిన్నెతోనో చెంచాతోనో పట్టాలనీ, ఇంకేదైనా అవసరమా కాదా అన్నది డాక్టరు చూసి చెప్పాలనీ అంటారు. ఆ నిర్ణయం డాక్టరుకు వదిలేస్తే ఇక మన పెద్దరికం ఏం కాను?

7. బాలింతను ఎండగట్టండి

బిడ్డ తగ్గడానికి ఎవరో ఒకరు దోషి కావాలి. మంచం మీద దొరికే మనిషి తల్లే. పచ్చి ఒళ్లని నీళ్లు తాగనివ్వకండి. కూరలు వద్దు, పప్పు వద్దు, చోడి అంబలి చలువ చేస్తుందని అదీ వద్దు. కారం కలిపిన మెతుకులు చాలు. ఆ మెతుకుల్లోంచే పాలు రావాలి, రాకపోతే ఆమె వంశంలోనే లోపం.

పగలంతా చుట్టాలను గదిలో కూర్చోబెట్టండి. కొత్త తల్లి పదిమంది ముందు రొమ్ము తియ్యడానికి సిగ్గుపడుతుంది, ఒక విడత పాలు తప్పుతాయి. రాత్రి బిడ్డను నానమ్మ పక్కలో వేసుకుంటే ఇంకో రెండు విడతలు తప్పుతాయి. రోజుకు ఎనిమిది నుంచి పన్నెండుసార్లు, రాత్రిళ్లతో సహా పాలివ్వాలన్న నియమాన్ని ఇంత మర్యాదగా దెబ్బ తీసే మార్గం ఇంకోటి లేదు.

బిడ్డ రొమ్ము సరిగ్గా పట్టిందో లేదో చూడటం నిషిద్ధం. నోరు పెద్దగా తెరిచి, గడ్డం రొమ్ముకు ఆనించి, మొన ఒక్కటే కాకుండా దాని చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా చాలామటుకు నోట్లోకి తీసుకోవాలి. నాలుగైదుసార్లు చప్పరించి ఒకసారి ఆగి గుటక వేసే చప్పుడు వినబడాలి. మొదటి వారంలో మితిమీరి బరువు తగ్గితే, చాలామటుకు మందు ఇక్కడే ఉంది. పక్కన కూర్చుని బిడ్డ తలను కొంచెం సరిచేసే అనుభవజ్ఞురాలు చాలు. ఆ అనుభవజ్ఞురాలు మీరే అయి ఉండొచ్చు. కానీ తిట్టడానికి పట్టే టైము తక్కువ.

8. చలికి స్నానం పోయించండి

మన్యంలో డిసెంబరు, జనవరి పొద్దుల సంగతి వేరే చెప్పక్కర్లేదు. పుట్టిన బిడ్డను ఆ పూటే తొట్టిలో ముంచి తీసి, నలుగు పెట్టి, సాంబ్రాణి పొగ వెయ్యండి. స్నానానికి కనీసం ఒక రోజైనా ఆగమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. దానికి మన ఆచారాలేం తెలుసు? చల్లబడిన బిడ్డ ఒంట్లో ఉన్న కాస్త చక్కెరను, కొవ్వును వెచ్చదనం కోసమే ఖర్చు పెట్టేసుకుని, చప్పరించే ఓపిక లేక ఊరుకుంటుంది. కాటా మీద దాని ఫలితం మర్నాడే కనిపిస్తుంది. అప్పుడు ఒకటో చిట్కా నుంచి మళ్లీ మొదలుపెట్టొచ్చు.

నెలలు తక్కువగానో, తక్కువ బరువుతోనో పుట్టిన బిడ్డను తల్లి రొమ్ముల మధ్య చర్మానికి చర్మం తగిలేలా కట్టుకుని ఉంచే పద్ధతి ఒకటుంది. కొలంబియాలోని బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక 1978లో ఎడ్గార్ రే సనాబ్రియా అనే డాక్టరు దీన్ని మొదలుపెట్టారు. 'కంగారూ' పద్ధతి అంటారు. 2021లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం భారత్‌తో పాటు మరో నాలుగు దేశాల్లో జరిగింది. కిలో నుంచి కిలో 800 గ్రాముల లోపు బిడ్డల్ని కాస్త నిలదొక్కుకునేదాకా ఆగకుండా పుట్టిన వెంటనే ఇలా కట్టుకుంటే, మొదటి నెలలో మరణాలు పాతిక శాతం తగ్గినట్టు తేలింది. దీనికి కావాల్సింది ఒక తల్లి, ఒక గుడ్డ. తల్లి అలసిపోతే తండ్రీ కట్టుకోవచ్చు. ఇంత చవకబారు వైద్యాన్ని ఎలా నమ్ముతాం? బిడ్డను పొయ్యి పక్కన పొగలో పడుకోబెట్టండి, తండ్రిని బయట అరుగు మీద కూర్చోబెట్టండి.

9. దిష్టి తియ్యండి

నిమ్మకాయ తిప్పి పారేస్తే నష్టం నిమ్మకాయకే. ముహూర్తాలు చెప్పే దిసారి దగ్గరికి వెళ్లి పేరు పెట్టే రోజు అడిగి వచ్చినా బిడ్డ బరువులో తేడా రాదు. ఇంటివాళ్లకు మనసు కుదుటపడితే మంచిదే. ఆ కుదుటపడిన మనసుతో ఆస్పత్రికి వెళ్లడం మానేస్తేనే మన చిట్కా ఫలించినట్టు.

కొందరు బిడ్డ పొట్ట మీద కాల్చిన కడ్డీతో వాతలు పెట్టిస్తారు. ఆ సలహా మాత్రం నేను కూడా ఇవ్వలేను. పసిగుడ్డు చర్మం కాలితే ఆ పుండు నుంచి ఒంట్లోకి విషక్రిములు పాకి ప్రాణం మీదికి వస్తుంది. వంకర సలహాలకూ ఒక హద్దుంది.

10. ఆశా వస్తే తలుపు తియ్యకండి

ఆస్పత్రిలో కాన్పయితే 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఆశా ఇంటికొస్తుంది. ఇంట్లోనే కాన్పయితే మొదటి రోజే వస్తుంది. ఊరికే రాదు, కాటా, థర్మామీటరు తెస్తుంది. లబ్బూరు నుంచి కిలగాడ దాకా, అటు జోలాపుట్టు డ్యాము ఒడ్డు గూడేల దాకా ఇదే వరస. అందులో మూడో రోజు సందర్శన మనకు పెద్ద అడ్డంకి. బిడ్డ బరువు అట్టడుగుకు చేరేది రెండో రోజుకూ నాలుగో రోజుకూ మధ్య. సరిగ్గా అప్పుడే వచ్చి, తూచి, గుడ్డలు లెక్కపెట్టి, బిడ్డ పాలు తాగుతుంటే దగ్గర కూర్చుని చూసి, 'బానే ఉన్నాడు' అని మన నోళ్లు మూయించి పోతుంది.

ఈ పద్ధతి ఎవరో ఏసీ గదిలో కూర్చుని రాసింది కాదు. మనలాగే అడవులు, గూడేలు ఉన్న గడ్చిరోలిలో, తెలంగాణ సరిహద్దుకు అవతల, అభయ్ బంగ్, రాణీ బంగ్ అనే డాక్టర్ దంపతులు ఊరి ఆడవాళ్లకే తర్ఫీదు ఇచ్చి పుట్టిన బిడ్డలను ఇళ్లలోనే చూసే ఏర్పాటు చేశారు. 39 ఊళ్లలో ఇలా చేసి, చెయ్యని 47 ఊళ్లతో పోల్చారు. నెలలోపు బిడ్డల మరణాలు 62 శాతం తగ్గాయని 1999లో లాన్సెట్ పత్రికలో ప్రచురించారు. 2011 నుంచి దేశమంతా ఆశాలతో చేయిస్తున్నది ఆ పనే. కాబట్టి 'నువ్వేమన్నా డాక్టరువా?' అని అడిగే ముందు ఈ సంగతి తెలియనట్టు నటించండి.

అధికారులకు కూడా ఒక చిట్కా. మూడో రోజు బరువు తగ్గిందని రిజిస్టరులో కనబడగానే సమీక్షా సమావేశంలో ఆశాను లేపి నిలదీయండి. వచ్చే నెల నుంచి ఆమె మూడో రోజు 2600, ఏడో రోజు 2650 అని గుండ్రంగా రాసుకొస్తుంది. రిజిస్టరు కళకళలాడుతుంది. నిజంగా పది శాతం దాటి తగ్గిన బిడ్డ ఆ కళలో ఎక్కడో కలిసిపోతుంది.

11. అన్నిటికీ 'మామూలే' అనండి

ఇంతవరకు చదివి 'ఓహో, బరువు తగ్గడం మామూలేనన్నమాట' అని మీకు అర్థమైపోయి ఉంటే నిరాశపడకండి. ఆ మాటనే ఆయుధం చేసుకోవచ్చు. పై చిట్కాలన్నీ కలిసి చేసే కీడు కంటే ఈ ఒక్కటీ చేసేది ఎక్కువ.

పది శాతం మించి తగ్గినా మామూలే అనండి. అయిదో రోజు దాటాక కూడా రోజుకు ఇరవై ముప్పై గ్రాముల పెరుగుదల మొదలవకపోయినా, పద్నాలుగో రోజుకు పుట్టిన బరువు అందకపోయినా మామూలే అనండి. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ కొంచెం ఎక్కువ తగ్గడం, తేరుకోవడానికి మూడు వారాల దాకా పట్టడం ఉన్నదే, కానీ ఆ బిడ్డ డాక్టరు కంటి ముందు ఉండాలన్న రెండో సగం మరిచిపోండి.

అన్నిటికంటే, ఏడవని బిడ్డను మెచ్చుకోండి. పాలు చాలక ఒంట్లో నీరు తరిగి, రక్తంలో ఉప్పు చిక్కబడిన బిడ్డ మొదట గుక్కపట్టి ఏడ్చినా తర్వాత ఏడవదు. మత్తుగా పడుకుంటుంది, పాలకు లేపినా లేవదు, ఒళ్లు వెచ్చబడుతుంది, గుడ్డ తడవదు. 'ఎంత బుద్ధిమంతుడో, రాత్రంతా నిద్రపోయాడు' అని మనం మురిసిపోయేది ఆ రాత్రే.

వైద్యులు ఒక్క గంట కూడా ఆగొద్దనే లక్షణాలు ఇవి: పాలు పట్టకపోవడం, మూర్ఛ, నిమిషానికి 60 సార్లు గానీ అంతకు మించి గానీ ఊపిరి తియ్యడం, ఊపిరి తీస్తే డొక్కలు లోపలికి పోవడం, ఒళ్లు 37.5 డిగ్రీలు అంతకు మించి వేడెక్కడం లేదా 35.5 కంటే చల్లబడటం, కదిపితే తప్ప కదలకపోవడం, మొదటి 24 గంటల్లోనే కామెర్లు కనబడటం, తర్వాతైనా అరచేతులు, అరికాళ్లు పచ్చబడటం. వీటిలో ఒక్కటి కనబడినా 108కి ఫోన్ చెయ్యాలి. సిగ్నల్ లేకపోతే సిగ్నల్ ఉన్న మెట్ట దాకా ఒక కుర్రాణ్ణి పరుగెత్తించాలి. దారిలో బిడ్డను తల్లి గుండెకు కట్టుకునే తీసుకెళ్లాలి, తాగగలిగితే పాలిస్తూనే ఉండాలి. ముంచింగిపుట్టు ఆస్పత్రి, అక్కడ కాకపోతే పాడేరు, అక్కడా కుదరకపోతే విశాఖ కేజీహెచ్. జబ్బు పడ్డ పసిబిడ్డకు ప్రభుత్వ ఆస్పత్రిలో వైద్యం, మందులు, రానుపోను బండి ఉచితమని 2011 జూన్ నుంచి కేంద్ర పథకమే ఉంది.

ఇంత చదివాక మీరు చెయ్యాల్సిన పని ఒక్కటే, 'సాయంత్రం దాకా చూద్దాం' అనడం. తారురోడ్డు పక్క ఊళ్లో ఆ మాటకు కొన్ని గంటలే పోతాయి. రోడ్డు లేని గూడెంలో సాయంత్రం దాకా చూశాక చీకటి పడుతుంది, చీకట్లో గెడ్డ దాటి డోలీ మొయ్యడానికి ఎవరూ కదలరు, తెల్లారేదాకా ఆగాల్సిందే. ఆ రాత్రికి ఏమైనా అయితే 'రోడ్డు లేకపోబట్టే' అనొచ్చు. అందులో సగం నిజముంది కాబట్టి మిగతా సగం ఎవరూ అడగరు.

12. పద్నాలుగో రోజు పేరు కొట్టేయండి

చాలామటుకు బిడ్డలు మన చిట్కాలను తట్టుకుని బతికి బట్టకడతారు. పద్నాలుగో రోజు ఆశా వచ్చి కాటా కడితే ముల్లు 2 కిలోల 600 దాటి నిలుస్తుంది. ఈ ఘట్టంలో ఏమరుపాటు పనికిరాదు. వెంటనే పంపకం మొదలుపెట్టండి. మొదటి వంద గ్రాములు పెద్దమ్మ పట్టిన చక్కెర నీళ్లవి. తర్వాతి వంద మేనమామ డబ్బావి. ఇంకో యాభై నిమ్మకాయది. మిగిలింది ఇంటి దేవుడిది. రాత్రీ పగలూ పన్నెండుసార్లు లేచి పాలిచ్చిన మనిషికి ఏమీ మిగలకుండా చూసుకోండి, పైపెచ్చు 'ఇకముందైనా ఒళ్లు దగ్గర పెట్టుకుని చూసుకో' అని చెప్పండి. ఆశా కార్డులో అంకె రాసుకుని తర్వాతి ఇంటికి వెళ్లిపోతుంది, ఆమెతో పేచీ రాదు.

వచ్చే నెల పక్కింట్లో పురుడు. ఒక బిడ్డను గట్టెక్కించిన మనిషిగా మీకిప్పుడు ఊళ్లో పేరుంది. ఈసారి మూడో రోజు దాకా ఆగక్కర్లేదు, పుట్టిన రోజునే చెంచా పట్టుకుని బయల్దేరండి.